ప్రాణాలు దక్కాయి సరే, బతుకు నిలబడిందా? విపత్తులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తుఫానులు, వరదలు పదేపదే వచ్చే ప్రాంతాల్లో ప్రజలకు వాటిని తట్టుకొని తేరుకొనే శక్తి ఎంత ఉన్నదో ఎలా నిర్ణయించాలి అన్న విషయంపై ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. రాసినవారిని ఊరి పేరుతో, వృత్తితో మాత్రమే పేర్కొంటున్నాం.

ప్రశ్న: మాది దివిసీమ. 1977 ఉప్పెనలో మా తాతగారి తరంలో చాలామందిని పోగొట్టుకున్న కుటుంబం మాది. ఇప్పుడు తుఫాను వచ్చినా మా మండలంలో మనుషులు చనిపోవడం దాదాపుగా లేదు. అంటే విపత్తును తట్టుకొనే శక్తి మాకు వచ్చినట్టే కదా? అయినా సర్వేకు వచ్చినవారు మా ఊరిని ఇంకా బలహీనమైన ఊళ్ల జాబితాలోనే ఎందుకు రాసుకుంటున్నారు?
– డిగ్రీ విద్యార్థి, నాగాయలంక

జవాబు: మీరు చెప్పిన మార్పు నిజమైనది, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటిన తుఫాను తీవ్రతలో దానికి తీసిపోయేది కాదు. కానీ అప్పటికి తీరం వెంబడి తుఫాను షెల్టర్లు వెలిశాయి, హెచ్చరికలు ముందుగా అందాయి, పెద్ద సంఖ్యలో ప్రజలను తరలించారు, కాబట్టి మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. మన పొరుగున ఒడిశాలో 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌కు దాదాపు 10 వేల మంది బలికాగా, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కు ముందు సుమారు 10 లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చడం వల్ల మృతులు యాభైకి లోపే ఉన్నారు. ఇవి ప్రభుత్వాలూ ప్రజలూ కలిసి సాధించిన విజయాలు.

అయితే ప్రాణం దక్కడం ఈ శక్తిలో మొదటి మెట్టు మాత్రమే. ఐక్యరాజ్యసమితి 2017లో ఆమోదించిన నిర్వచనం సారాంశం ఇది: ప్రమాదం ముంగిట ఉన్న ఒక సమాజం ఆ దెబ్బను అడ్డుకోగలగాలి, తట్టుకోగలగాలి, దానికి తగినట్టు తన పద్ధతులను సర్దుకోగలగాలి, అవసరమైతే వాటిని మార్చుకోగలగాలి, జీవితానికి ఆధారమైన ఏర్పాట్లు కూలిపోకుండా కాపాడుకుంటూ సకాలంలో తిరిగి నిలబడగలగాలి. 2015 మార్చిలో జపాన్‌లోని సెండాయ్ నగరంలో దేశాలన్నీ అంగీకరించిన, విపత్తుల ముప్పును తగ్గించే కార్యాచరణకు ఏడు లక్ష్యాలు ఉంటే, మృతుల సంఖ్యను తగ్గించడం వాటిలో ఒకటి మాత్రమే. దెబ్బతిన్న మనుషుల సంఖ్య, ఆర్థిక నష్టం, ఆసుపత్రులూ బడులూ ఆగిపోవడం వంటివి వేరే లక్ష్యాలుగా ఉన్నాయి. ఈ నిర్వచనానికి నేను ఇంకొక్క షరతు చేరుస్తాను. ఒక కుటుంబం ఎన్నాళ్లకు నిలబడింది అన్నదానితోపాటు, ఏం పోగొట్టుకొని నిలబడింది అన్నది కూడా చూడాలి.

ఎందుకంటున్నానో మీ జిల్లాలోనే చూడవచ్చు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో మిచౌంగ్ తుఫాను తీరం దాటినప్పుడు డెల్టాలో కోతకు వచ్చిన వరి, కోసి పనల మీద ఉన్న వరి నీట మునిగింది. ఒకే గట్టుకు అటొక చేను, ఇటొక చేను ఉన్న ఇద్దరు రైతులను తీసుకుందాం. ఒకరు సొంత పొలం ఉన్నవారు, ఇంట్లో ఒక ఉద్యోగం ఉంది, పంట పోయినా సంక్రాంతి నాటికి దాళ్వాకు పెట్టుబడి సిద్ధం చేసుకోగలరు. రెండోవారు కౌలు రైతు. పంట పోయినా కౌలు కట్టాలి, ఎరువుల కొట్టులో బాకీ తీర్చాలి. పెట్టుబడి రాయితీ రావాలంటే 33 శాతం, అంతకు మించి పంట నష్టపోయినట్టు నమోదు కావాలి, ఆ నమోదులో సాగుచేసిన మనిషిగా తన పేరు ఉండాలి. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూయజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు వెనుకాడతారు. ఇద్దరికీ పట్టిన వాన ఒక్కటే, ఇద్దరూ ప్రాణాలతోనే ఉన్నారు, ఇద్దరి ఊరూ ఒక్కటే. కానీ ఒకరు ఒక పంట కాలంలో తేరుకుంటే ఇంకొకరు వచ్చే మూడేళ్ల కష్టాన్ని వడ్డీకి ధారపోయవలసి వస్తుంది.

అందువల్ల సర్వేవారు రాసుకున్నది మీ ఊరి మనుషుల్లో ధైర్యం లేదనీ, తెలివి లేదనీ కాదు. బలహీనత అనేది మనుషుల స్వభావంలో ఉండేది కాదు, వారిని నిలబెట్టిన చోటులో ఉండేది. కరకట్టకు సముద్రం వైపున, పంట కాలువ గట్ల మీద, పట్టా లేని జాగాలో గుడిసె వేసుకొని పీతలు పట్టుకొనే యానాది కుటుంబానికి గాలివాన అంటే మనకంటే ఎక్కువే తెలుసు. వారికి లేనిది పక్కా గోడ, దాన్ని కట్టుకోవడానికి కావలసిన పట్టా, పట్టా ఉంటే దొరికే బ్యాంకు అప్పు. షెల్టరు కట్టడం తట్టుకోవడానికి పనికొస్తుంది. నీటిలో పడిపోకుండా నిలిచే వరి రకం వేసుకోవడం, సామాను అటక మీదికి చేర్చుకొనేలా ఇల్లు కట్టుకోవడం సర్దుకోవడం కిందికి వస్తాయి. ఆ కుటుంబానికి ఎత్తైన చోట పట్టా ఇవ్వడం, కౌలుదారుకు తన పేరుతో పరిహారం అందే ఏర్పాటు చేయడం మార్చుకోవడం కిందికి వస్తాయి. మన దగ్గర మొదటిది చాలావరకు జరిగింది, రెండోది అక్కడక్కడ జరుగుతోంది, మూడోది ఇంకా మొదలు కావలసే ఉంది.

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ తీర గ్రామాల్లో పనిచేస్తోంది. నిధులిచ్చేవారు ప్రతి గ్రామానికీ నూటికి ఇన్ని మార్కులని వేయమంటున్నారు. షెల్టరు ఉంటే పది, డ్వాక్రా సంఘాలు ఉంటే పది, రోడ్డు ఉంటే పది అని పట్టిక కూడా పంపారు. ఇది సరైన పద్ధతేనా? అసలు మేం ఏం అడగాలి, ఎవరిని అడగాలి?
– స్వచ్ఛంద కార్యకర్త, బాపట్ల

జవాబు: మార్కుల పద్ధతి పూర్తిగా తప్పు కాదు. అమెరికాలో సుసాన్ కట్టర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2010లో విపత్తును తట్టుకొనే శక్తిని కొలిచే ఒక సూచీ తయారుచేశారు. సామాజిక, ఆర్థిక, సంస్థాగత పరిస్థితులు, మౌలిక వసతులు, ఇరుగుపొరుగు సంబంధాలు వంటి వాటికి అందుబాటులో ఉన్న లెక్కలను తీసుకొని జిల్లాలవంటి పెద్ద ప్రాంతాలను పోల్చడానికి అది ఉద్దేశించినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పద్ధతి కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకొని వసతులు, ఆస్తులు, సంక్షేమ పథకాల అండ, కొత్త పరిస్థితికి మారగలిగే సామర్థ్యం అనే నాలుగు వైపుల నుంచి చూస్తుంది. ఏ జిల్లాకు ముందు నిధులివ్వాలో తేల్చుకోవడానికి ఇలాంటివి ఉపయోగపడతాయి. చిక్కు ఎక్కడంటే, ఆ పట్టికను ఒక ఊరి మీదికి తెచ్చినప్పుడు, వస్తువు ఉన్నదా లేదా అన్నదానికే మార్కు పడుతుంది, అది ఎవరికి అందుతున్నదో తెలియదు.

షెల్టరునే తీసుకోండి. పది మార్కులు వేసేముందు ఒకసారి దాని తలుపు తీయించండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషి రాత్రి రెండు గంటలకు ఊళ్లో ఉంటాడా, లోపల ఎవరి ఎరువుల బస్తాలైనా ఉన్నాయా అన్నది చూడండి. మెట్లు ఎక్కలేని ముసలివారిని పైకి ఎలా చేరుస్తారో అడగండి. మరుగుదొడ్డి గడియ పడుతుందో లేదో మీ చేత్తో వేసి చూడండి, ఎందుకంటే గడియ పడని మరుగుదొడ్డి ఉన్న చోటికి ఈడొచ్చిన ఆడపిల్లను తీసుకురావడానికి తల్లి ఒప్పుకోదు. షెల్టరుకు వెళ్లే దారి తుఫాను రాకముందే, వానకే మునుగుతుందేమో వాకబు చేయండి. గేదెను ఎక్కడ కడతారో అడగండి. పాడి మీద బతికే ఇల్లాలు గేదెను వదిలి కదలదు, ఆమెను మొండిమనిషి అనడం అన్యాయం, ఆ గేదె ఆ ఇంటికి ఏడాది జీతం. చివరిగా, మొన్నటి తుఫానుకు ఈ షెల్టరులోకి రాని ఇళ్లు ఏవో, వారు ఎందుకు రాలేదో అడగండి. ఊరివారు చూపులు తిప్పుకుంటే, అక్కడ కులం సంగతి ఏదో ఉన్నదని గ్రహించి, ఆ పేటకు విడిగా వెళ్లి అడగండి.

డ్వాక్రా సంఘాల సంగతి కూడా ఇంతే. ఒకామె భర్తకు జబ్బు చేసినప్పుడు మిగతా తొమ్మిదిమంది ఆదుకోగలరు. తుఫాను ఒకే రాత్రి పదిమంది ఇళ్ల పైకప్పులూ లేపేసినప్పుడు ఎవరు ఎవరిని ఆదుకుంటారు? అలాంటప్పుడు సంఘం బలం కన్నా, బ్యాంకు ఆ మూడు నెలలు వాయిదాలు ఆపిందా, కొత్త అప్పు ఇచ్చిందా అన్నదే తేడా తెస్తుంది. బంధువుల విషయంలోనూ అందరూ అదే పేటలో ఉన్న కుటుంబం కంటే, హైదరాబాదులోనో చెన్నైలోనో ఒక తమ్ముడో అల్లుడో ఉన్న కుటుంబం త్వరగా లేస్తుంది. ఈ సంబంధాలు పట్టికలో కనిపించవు, మాట్లాడితేనే బయటికి వస్తాయి.

కాబట్టి ఊహాత్మకమైన ప్రశ్నలు మానేసి, జరిగిపోయిన తుఫానును రోజు వెంట రోజుగా చెప్పించుకోండి. హెచ్చరిక ఎవరు చెప్పారు, విన్న తర్వాత ఇల్లు వదలడానికి ఎంతసేపు పట్టింది, ఎందుకు పట్టింది? తిరిగొచ్చాక పొయ్యి వెలిగింది ఎన్నో రోజున? మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? మళ్లీ కూలికో వేటకో వెళ్లింది ఎప్పుడు? ఏం అమ్మారు, ఏం తాకట్టు పెట్టారు, నూటికి ఎంత వడ్డీకి అప్పు తెచ్చారు, అది తీరిందా? బడి మానేసిన పిల్లలున్నారా, తొందరపడి పెళ్లి చేసిన ఆడపిల్ల ఉన్నదా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దాచుకున్న డబ్బు తీసి గడుపుకున్న ఇల్లు ఒకటి. ఫైబర్ బోటు ఇంజనునో, వలలనో అమ్ముకొని గడుపుకున్న ఇల్లు ఇంకొకటి. రెండో ఇల్లు పైకి తేరుకున్నట్టే ఉంటుంది, రేషను కార్డు ఉంటుంది, పైకప్పు మీద కొత్త రేకులు కూడా ఉంటాయి, కానీ సొంత బోటు మీద వేటాడిన మనిషి ఇప్పుడు మరొకరి బోటు మీద కూలి. వచ్చే తుఫాను నాటికి ఆ ఇంటి శక్తి సగమైంది.

ఎవరిని అడగాలి అన్నదానికి నా సలహా, పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేయించి సమావేశం పెట్టడంతో మొదలుపెట్టవద్దు. సముద్రపు ఒడ్డు నుంచి పెద్దరోడ్డు దాకా ఊరివారితో కలిసి నడవండి. ఎక్కడ ఇసుక దిబ్బ తవ్వేశారో, ఎక్కడ సరుగుడు తోట కొట్టేశారో, డ్రెయిను ఎక్కడ పూడిపోయిందో, రొయ్యల చెరువు గట్టు నీటిని ఎటు మళ్లిస్తుందో ఆ నడకలోనే తెలుస్తుంది. రెడ్‌క్రాస్ సంస్థలు చాలాకాలంగా వాడుతున్న పద్ధతిలో ఊరి పటం గీయించడం, గత విపత్తులను వరుసగా చెప్పించడం, సంవత్సరంలో ఏ నెలలో చేతిలో డబ్బు ఉంటుందో ఏ నెలలో ఉండదో పట్టికగా వేయించడం ఉన్నాయి. ఈ చివరిది మన తీరానికి చాలా అవసరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, తర్వాత అప్పు చేసి బోటు బాగుచేసుకోవడం, వేట ఊపందుకొని ఆ అప్పు తీరబోయే అక్టోబరు, నవంబరు నెలల్లోనే తుఫానులు. ఒకే తీవ్రత ఉన్న గాలి డిసెంబరులో కన్నా అక్టోబరులో ఎక్కువ దెబ్బ కొట్టే ఇళ్లు ఉంటాయి. ఆడవారితో విడిగా, వారికి తీరిక ఉన్న వేళలో మాట్లాడండి. చేపల తట్ట నెత్తిన పెట్టుకొని తెల్లవారుజామునే వెళ్లే స్త్రీ మీ పదకొండు గంటల సమావేశానికి రాలేదు.

చెట్ల సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. 1999 సూపర్ సైక్లోన్‌పై ఒడిశాలోని కేంద్రపడా ప్రాంతంలో జరిగిన పరిశోధన ప్రకారం, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట్ల మరణాలు తక్కువగా ఉన్నాయి. కృష్ణా ముఖద్వారంలోనూ, కోరింగలోనూ మనకు ఆ అడవులున్నాయి.

ఇక మార్కుల విషయానికి వస్తే, నిధులిచ్చేవారికి ఇవ్వక తప్పదు కాబట్టి ఇవ్వండి, కానీ సగటును ఒక్కదాన్నే పంపవద్దు. ఊరికి అరవై మార్కులు వచ్చాయని రాసినచోటే, అట్టడుగున ఉన్న ఇళ్లకు ఎంత వచ్చిందో కూడా రాయండి. కుటుంబాలు తమకు తామే వేసుకొనే మార్కులను అడగడం మంచిదే, అయితే జాగ్రత్తగా చదవండి. ఆశలు తక్కువగా ఉన్న మనిషి ‘మాకేం, బాగానే ఉన్నాం’ అని ఎక్కువ మార్కులే వేసుకుంటాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, విపత్తు రాకముందు ఒకసారి లెక్క తీసి పెట్టుకోండి, తర్వాత అవే ఇళ్లకు ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు తిరిగి వెళ్లండి. తుఫాను వచ్చాక తీసిన లెక్క నష్టాన్ని మాత్రమే చెబుతుంది. తేరుకొనే శక్తి ఎంతో తెలియాలంటే ముందు లెక్క చేతిలో ఉండాలి.

ప్రశ్న: 1996 నవంబరులో మా కోనసీమలో వచ్చిన తుఫానును కళ్లారా చూసినదాన్ని. ఇప్పుడు ఫోన్లలో హెచ్చరికలు వస్తున్నాయి, టీవీలో తుఫాను ఎక్కడున్నదో గంటగంటకూ చూపిస్తున్నారు. హెచ్చరిక ముందుగా అందితే చాలదా? ఇంకా ఈ లెక్కలన్నీ ఎందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, 1996 నవంబరు 6 నాటి ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, వారిలో సముద్రంలో వేటలో ఉన్నవారు చాలామంది. అది చాలా తొందరగా బలపడిన తుఫాను, నడి సముద్రంలో ఉన్న బోటుకు అప్పట్లో కబురు చేరే మార్గం దాదాపుగా లేదు. ఈనాడు వాతావరణ శాఖ 72 గంటల ముందే అప్రమత్తం చేస్తుంది, 48 గంటల ముందు ఒక దశ, 24 గంటల ముందు ఇంకో దశ, తీరం దాటాక ఏమవుతుందో తెలిపే సూచన సుమారు 12 గంటల ముందు, ఇలా నాలుగు మెట్లుగా హెచ్చరికలు ఇస్తుంది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రాన్ని నడుపుతోంది. ఇంత ఏర్పాటు ఉండటం గొప్ప విషయమే. అయినా హెచ్చరిక అందడం ఒకటి, విన్న మనిషి కదలగలగడం ఇంకొకటి.

బంగ్లాదేశ్ అనుభవం ఈ సంగతిని బాగా చెబుతుంది. 1970 నవంబరు తుఫానులో అక్కడ కనీసం మూడు లక్షల మంది చనిపోయాక, 1972లో ఊరూరా సేవకులను తయారుచేసి, జెండాలతో, మెగాఫోన్లతో ఇంటింటికీ హెచ్చరిక చేరవేసే కార్యక్రమం మొదలుపెట్టారు. అయినా 1991 తుఫానులో దాదాపు 1,40,000 మంది చనిపోయారు, వారిలో స్త్రీల సంఖ్య పురుషుల కంటే చాలా ఎక్కువ. మగవారు లేకుండా ఇల్లు వదలడానికి సంకోచం, చంకలో పిల్లలు, షెల్టర్లలో ఆడవారికి చోటు లేకపోవడం, ఈత రాకపోవడం, కాళ్లకు అడ్డుపడే చీర, ఇవన్నీ కారణాలే. ఆ తర్వాత షెల్టర్లు పెంచారు, సేవకుల్లో స్త్రీలను పెద్ద సంఖ్యలో చేర్చుకున్నారు. 2007లో వచ్చిన సిడ్ర్ కూడా చాలా తీవ్రమైనదే అయినా మృతులు మూడున్నర వేలకు అటూఇటూగా ఉన్నారు. 1991లో ఎవరు, ఎందుకు కదలలేకపోయారో లెక్క తీసి ఉండకపోతే ఈ మార్పు వచ్చేది కాదు.

ప్రాణం దక్కాక మొదలయ్యే కథ మీ కోనసీమకు ఎవరూ చెప్పనక్కరలేదు. పడిపోయిన కొబ్బరి చెట్టు స్థానంలో పెట్టిన మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పైనే పడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పటికే కిడ్నీ వ్యాధితో చితికిపోయిన ప్రాంతం అది. డయాలిసిస్ చేయించుకొనే మనిషికి మూడు రోజులు రోడ్డు మూసుకుపోయి, కరెంటు లేకపోతే అది గాలివాన కంటే పెద్ద ప్రమాదం. తోట మీద వచ్చే ఆదాయంతో మందులు కొనుక్కొనే ఇంటికి ఒకే రాత్రి రెండూ పోయాయి. గాలివేగం ఎంతో హెచ్చరికలో ఉంటుంది, ఆ ఇంట్లో డయాలిసిస్ రోగి ఉన్నాడని అందులో ఉండదు. ఆ రెండో సంగతి ముందే రాసి పెట్టుకోవడానికే ఈ లెక్కలు.

ప్రశ్న: బలహీన వర్గాలంటే మత్స్యకారులు, గిరిజనులు అనే అందరూ రాస్తున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మమ్మల్ని ముంచినప్పుడు మేడ మీద ఉన్నవారు కూడా తాగునీళ్ల కోసం అల్లాడారు. మేం ఏ లెక్కలోకి వస్తాం?
– చిరువ్యాపారి, విజయవాడ

జవాబు: మీరూ వస్తారు. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం కిందికి వెళ్లింది, మరోవైపు బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నగరంలో బలహీనత కులాన్నో వృత్తినో బట్టి ఒక పేటలో కుదురుకొని ఉండదు, ఏ అంతస్తులో ఉన్నారు, సొంతిల్లా అద్దెదా, సరుకు ఎక్కడ పెట్టుకున్నారు అన్నదాన్ని బట్టి ఒకే భవనంలో మారిపోతుంది. కింది గదిలో అద్దెకుండి, అదే గదిలో కుట్టుమిషనో కిరాణా సరుకో పెట్టుకొని బతికే కుటుంబం ఇల్లూ ఉపాధీ ఒకేసారి పోగొట్టుకుంటుంది. మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ వీధిలో ఆ వరదకు నీరు ఏ ఎత్తుకు వచ్చిందో గోడల మీద మరక ఉండగానే గుర్తు వేయించి, కొలిచి, వార్డు సచివాలయంలో నమోదు చేయించండి. మూడేళ్ల తర్వాత కొత్తగా అద్దెకు దిగే మనిషికి ఆ గీత తప్ప మరో హెచ్చరిక ఉండదు.

ప్రశ్న: మాది శబరి ఒడ్డున ఉన్న ఊరు. గోదావరి పోటెత్తినప్పుడల్లా మావాళ్లు బియ్యం, కోళ్లు, మేకలు తీసుకొని గుట్టల మీదికి వెళ్లిపోతారు. అధికారులు వచ్చి, ‘వీళ్లకు అలవాటే, ఎలాగో తట్టుకుంటారు’ అని మెచ్చుకొని వెళ్తున్నారు. తట్టుకోవడం మా నేరమైపోయినట్టు ఉంది. దీన్ని కూడా శక్తి అనే అంటారా?
– అంగన్‌వాడీ కార్యకర్త, చింతూరు మండలం

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది మీది. ఏ వాగు ముందు పొంగుతుంది, ఏ గుట్ట మీద ఊట నీరు దొరుకుతుంది, నది రంగు మారితే ఎన్ని గంటల్లో నీరు వస్తుంది అన్న మీవారి జ్ఞానం నిజమైన శక్తే, ఏ అంచనాలోనైనా దానికి స్థానం ఉండాలి. కానీ గుట్ట మీద టార్పాలిన్ కింద పది రోజులు గడపగలిగిన ఓపికను చూపించి, ఆ పది రోజులు ఎవరూ రానక్కరలేదని తేల్చడం అన్యాయం. ఓపిక పట్టడం వేరు, తేరుకోవడం వేరు. మొదటిది మీరు మీ ఒంటితో, మీ పిల్లల ఆకలితో చెల్లిస్తున్నది. రెండోదానికి వైద్యం, రేషను, పడవ, ఇల్లు బాగుచేసుకొనే డబ్బు కావాలి, అవి ప్రభుత్వం బాధ్యత. అంచనా వేసేవారు ‘ఇక్కడి ప్రజలు దృఢమైనవారు’ అని ఒక వాక్యం రాసి ముగిస్తే ఆ నివేదిక మీకు మేలు కన్నా కీడే చేస్తుంది. పోలవరం ముంపు జాబితాలో ఉండి, పునరావాసం ఎప్పుడో తెలియక, ఉన్న ఇంటిని బాగుచేసుకోవాలో వద్దో తేల్చుకోలేని కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. వారి బలహీనతలో వరద పాలు ఎంతో, ఎదురుచూపు పాలు కూడా అంతే.

మీరు అంగన్‌వాడీ కార్యకర్త కాబట్టి ఒక పని మీ చేతిలోనే ఉంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారని మీకు తెలుసు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అయితే భద్రాచలం అంకె మీ ఊళ్లో దేనికి సమానమో ఎవరూ రాసి పెట్టలేదు. గోదావరి నిండితే శబరి నీరు వెనక్కి తన్నుతుంది కాబట్టి, అక్కడ 48 అడుగులున్నప్పుడు మీ దగ్గర ఏ రోడ్డు మునిగింది, 53 ఉన్నప్పుడు ఏ ఇళ్లలోకి నీరు వచ్చింది అన్నది పెద్దవారిని అడిగి, ఒక కాగితం మీద ఎక్కించి, బడి గోడ మీదా కరెంటు స్తంభాల మీదా రంగుతో గుర్తులు వేయించండి. మీ రిజిస్టరులో గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు ఎవరెవరో ఇప్పటికే ఉంది. దానికి మంచాన ఉన్న ముసలివారు, సికిల్ సెల్ వంటి జబ్బులున్నవారు, వాగుకు అవతల ఒంటరిగా ఉన్న ఇళ్లు చేర్చండి. ప్రసవానికి రెండు మూడు వారాలున్న గర్భిణులను మొదటి హెచ్చరికకే ఆసుపత్రికి చేర్చాలని అందులో స్పష్టంగా రాయండి.

ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించి తీర్మానం చేయించండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉంటుంది, అది తయారుచేసే జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించి సరిదిద్దాలని ఆ చట్టంలోనే ఉంది. మీ తీర్మానాన్ని జూన్ రాకముందే తహసీల్దారు ద్వారా ఆ సంస్థకు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. గుట్ట మీద నీళ్ల ట్యాంకు, రేకుల షెడ్డు, నెల రోజుల రేషను ముందుగా చేర్చడం, ఒక ఇంజను పడవ, ఈ నాలుగూ తీర్మానంలో విడివిడిగా ఉండాలి. వచ్చే ఏడాది వాటిలో ఏది వచ్చింది, ఏది రాలేదో అదే గ్రామసభలో మళ్లీ చదివించండి, ఆ ప్రతిని మాకు కూడా పంపితే ఈ శీర్షికలో ప్రచురిస్తాం.